చంద్రుడి మీదకు రోబోల దండు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఒక పెద్ద రోవర్ ఉండగా చిన్న రోబోల దండు ఎందుకు? వాటికి నాయకుడెవరు?

జవాబు: ఒక్క రోవర్ ఎంత పెద్దదైనా చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. దండు కావలసింది వాటికే. నాసా తయారుచేసిన మూడు క్యాడ్రీ రోవర్లు ఒక్కొక్కటీ చిన్న సూట్‌కేసంత ఉంటాయి. ఒకటి నేలలోకి రాడార్ తరంగాలు పంపితే, లోపలి పొరలకు తగిలి తిరిగొచ్చే వాటిని మిగతావి వేర్వేరు చోట్ల నిలబడి అందుకుంటాయి. అలా సుమారు 10 మీటర్ల లోతు దాకా నేల స్వరూపం తెలుస్తుంది.

నాయకుణ్ని అవే ఎన్నుకుంటాయి. ఏ ప్రాంతం చూడాలో భూమి నుంచి చెబితే చాలు, పని పంచేది నాయక రోవరే. 30 నిమిషాలకోసారి మూడూ ఆగి, వేడి తగ్గించుకుని, బ్యాటరీ నింపుకుంటాయి. మేలుకోగానే ఎవరి పరిస్థితి ఏమిటో చెప్పుకుని మళ్లీ ఎన్నుకుంటాయి.

ప్రశ్న: ఎంత దూరంలో ఉన్నా ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవా?

జవాబు: లేదు. చంద్రుడి వ్యాసార్థం 1,737 కి.మీ. మాత్రమే కాబట్టి దిగంతం (నేల కనబడే అంచు) దగ్గరగా ఉంటుంది. దాని అవతల ఉన్న రోబోకు రేడియో తరంగం నేరుగా చేరదు. యాంటెన్నా 30 సెం.మీ. ఎత్తులో ఉంటే, చదును నేల మీద దిగంతం కిలోమీటరు దూరమే. అసలు ఇబ్బంది అంతకు చాలా ముందే మొదలవుతుంది. నేలకు తగిలి వచ్చే తరంగం, నేరుగా వచ్చేదాన్ని చాలావరకు రద్దు చేస్తుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర, ఈ ఎత్తులో సుమారు 3 మీటర్లు దాటాక, దూరం రెట్టింపయితే అందే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. రెండు వైపులా యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే అదే 16 రెట్లు పెరుగుతుంది. కాబట్టి మోటారు బలం కంటే ముందు యాంటెన్నా కర్ర గురించి ఆలోచించాలి.

సందేశాన్ని ఒకదాని ద్వారా మరొకటి చేరవేయడం ఇంకో దారి. 2024 జనవరిలో జపాన్ స్లిమ్ ల్యాండర్ తలకిందులుగా నిలిచినప్పుడు దాని ఫొటో తీసింది, దానితో వెళ్లిన రెండు చిన్న రోబోల్లో ఒకటైన 250 గ్రాముల లెవ్-2. భూమికి పంపింది రెండోదైన లెవ్-1.

ప్రశ్న: నాలుగు రోబోలతో గదిలో ప్రయోగం చేయాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఒక్కో రోబోకు ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్), ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో లెక్కించేది) ఉన్న రెండు గేర్ మోటార్లు, ముందువైపు ఒక దూరం కొలిచే సెన్సర్ చాలు. 2 మీటర్ల చదరాన్ని 20 సెం.మీ. గళ్లుగా, అంటే 100 గళ్లుగా విభజించండి. ఇంకా చూడని దగ్గరి గడికి వెళ్లడం, ఒకే గడిని ఇద్దరు కోరితే చిన్న నంబరు రోబోకు వదిలేయడం, ఈ రెండు నియమాలతోనే మొదలుపెట్టండి.

ఈ బోర్డులు రౌటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునే పద్ధతి ఈఎస్‌పీ-నౌ. అందులో అందరికీ ఒకేసారి పంపే సందేశం అందిందో లేదో పంపినదానికి తెలియదు. అందుకే "ఈ గడి అయిపోయింది" అని ఒక్కసారి చెప్పి ఊరుకోకూడదు. తన నంబరు, స్థానం, బ్యాటరీ, చూసిన గళ్ల పట్టిక, వెళ్తున్న గడి - ఇవన్నీ ప్రతి 200 మిల్లీసెకన్లకూ పంపుతూ ఉండాలి. 100 గళ్లకు ఒక్కో బిట్ చొప్పున 13 బైట్లే, కాబట్టి ఒక సందేశంలో హాయిగా పడుతుంది. నాలుగూ ఒకే క్షణంలో పంపితే ఢీకొంటాయి. వ్యవధికి కొద్దిగా యాదృచ్ఛిక తేడా కలపండి. ఒక సెకను వినబడకపోతే ఆ రోబో పోయిందనుకుని, అది కోరిన గడిని వదిలేయాలి.

మోటారు కదలగానే బోర్డు రీసెట్ అవుతుంటే వోల్టేజీ కుంగుతున్నట్టే. బోర్డు దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, మోటార్లకు వేరే సరఫరా ఇవ్వండి. రెండు రోబోలు ఎదురెదురుగా వచ్చి, ఒకదాన్నొకటి అడ్డు అనుకుని అలాగే నిలిచిపోవడం చాలా మామూలు. అప్పుడు యాదృచ్ఛిక కాలం వెనక్కి నడిపి తిప్పండి. చక్రాలు జారితే స్థానం లెక్క కొద్దికొద్దిగా తప్పుతుంది. మూడు మూలల్లో యూడబ్ల్యూబీ మాడ్యూళ్లు (రేడియో తరంగాలతో దూరం కొలిచేవి) పెడితే సుమారు 10 సెం.మీ. ఖచ్చితత్వంతో సరిదిద్దుకోవచ్చు.

చివరగా సగం పనిలో ఒక రోబోను ఆపేసి చూడండి. మిగిలిన మూడూ గళ్లన్నీ పూర్తి చేయకపోతే, ముందు చూడాల్సింది ఆ ఒక సెకను గడువు కోడునే.