చివర్లో హీరోయిన్ ఎందుకొస్తుంది?

మార్చిలో ముంబై ఫ్యాషన్ వీక్ అయినప్పటి నుంచి ఉత్తరాలన్నీ దాని మీదే. జాకెట్టు మెడల గురించి, పట్టుచీరల మరకల గురించి అడిగినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి. 2006 నుంచి పదకొండేళ్లు ఆ ఫ్యాషన్ వీక్‌లో తెర వెనక మోడళ్లకి బట్టలు తొడిగే పని చేశాను. ఈసారికి నా సొద వినాల్సిందే.

ప్రశ్న: ఫ్యాషన్ షో ఎప్పుడు చూసినా చివర్లో ఓ సినిమా హీరోయిన్ వచ్చి చెయ్యూపి వెళ్తుంది. ముందు నడిచిన అమ్మాయిలే అంతకన్నా బాగా నడుస్తారు. మరి ఈవిడెందుకండీ?
– ఓ గృహిణి, ఖమ్మం

జవాబు: పదకొండేళ్లు నేను గొణుక్కున్న ప్రశ్నే మీరూ అడిగారు. ఆవిణ్ణి షోస్టాపర్ అంటారు. మోడల్ నడిచేది బట్టని చూపించడానికి. అందుకే మొహంలో నవ్వుండదు, చూపు ఎదురుగా కెమెరాల గుంపు మీదే ఉంటుంది. హీరోయిన్ మాత్రం నవ్వుతుంది, మొదటి వరుసలో తెలిసినవాళ్లని పలకరిస్తుంది, మధ్యలో ఓసారి గిర్రున తిరుగుతుంది. షో మొత్తం కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు. మర్నాడు పేపర్లో పడేది ఒక్క ఫొటో. అది కచ్చితంగా పడాలంటే అందరికీ తెలిసిన మొహం ఉండాలి. డిజైనరుకి పేరొస్తుంది, స్పాన్సరుకి ప్రచారమొస్తుంది, హీరోయిన్‌కి సినిమా విడుదల దగ్గర్లో ఉంటే అదీ కలిసొస్తుంది. నలభై నిమిషాలు జుట్టు లాగించుకుని, హీల్స్‌లో కాళ్లు బొబ్బలెక్కి నడిచిన మోడల్ పేరు మాత్రం ఎక్కడా రాదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అయినా ముంబైలో బట్టలకీ సినిమాకీ చుట్టరికం ఫ్యాషన్ వీక్ కంటే చాలా పాతది. భాను అథయ్యా ‘గాంధీ’ సినిమా దుస్తులకి 1983లో ఆస్కార్ తెచ్చేనాటికి మన దేశంలో ఫ్యాషన్ వీక్ అనే మాటే లేదు. డిజైనర్ మనీష్ మల్హోత్రా పేరు మారుమోగింది 1995లో వచ్చిన ‘రంగీలా’ దుస్తులతో. ఫిలింఫేర్ కూడా ఆ బట్టలకి అవార్డిచ్చింది. ఆ సినిమా తీసింది మన రామ్‌గోపాల్ వర్మే. మొదటి ఇండియా ఫ్యాషన్ వీక్ 2000లో ఢిల్లీలో జరిగింది. డిజైనర్ల సంఘం ఎఫ్‌డీసీఐ, సౌందర్య సాధనాల కంపెనీ లాక్మే కలిసి పెట్టారు. 2006లో లాక్మేవాళ్లు ఆ సంఘం నుంచి విడిపోయి ముంబైలో సొంతంగా పెట్టుకున్నారు. 2021 నుంచి మళ్లీ ఇద్దరూ కలిసి చేస్తున్నారు. సినిమావాళ్లంతా ఉన్న ఊళ్లో షో పెట్టి వాళ్లని పిలవకపోతే ఎలా?

ఒక సంగతి చెప్తాను. పేరు అడక్కండి. నేను చేరిన రెండో ఏడు. షోస్టాపర్‌గా రావాల్సినావిడ షూటింగ్ నుంచి నేరుగా వచ్చింది, గంట ఆలస్యంగా. బయట జనం విసుక్కుంటున్నారు, ర్యాంప్ మీద పరిచిన ప్లాస్టిక్ కవరు కూడా తీసేశారు. వారం కింద కొలతలు తీసి కుట్టిన జాకెట్టు వేస్తే వీపు మీద నాలుగు వేళ్ల మేర ఖాళీ. హుక్కులు అందవు. డిజైనరు మొహం తెల్లబోయింది. నేను జేబులోంచి దారం ఎక్కించిన సూది తీసి, ఆవిడ ఒంటి మీదే ఆ జాకెట్టు కుట్టేశాను. అడుగున పాత లైనింగ్ ముక్క ఒకటి పెట్టి, పైన జుట్టు వదిలేశాం. ఊపిరి గట్టిగా పీల్చొద్దమ్మా అని చెప్పి పంపాను. టెన్షన్‌తో నా చేతులు చల్లబడిపోయాయి. ఆవిడ నడిచి, నవ్వి, దండం పెట్టి వచ్చింది. వచ్చాక కత్తెరతో కోసి విడిపించాను. హాలంతా చప్పట్లు. ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రాత్రి తెనాలి నుంచి మా అమ్మ ఫోను. అమ్మ ముప్పై ఏళ్లు మిషన్ కుట్టింది. టీవీలో ఆ పది సెకన్లే చూసిందట. “ఏమే, ఆ పిల్ల జాకెట్టు వెనక కుట్టు అంత వంకరగా ఉందేంటి? ఎవరు కుట్టారు?” అంది.

ప్రశ్న: లాక్మే అంటే ఏ భాష మాట? అర్థమేంటి?
– ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మన లక్ష్మే. ఫ్రెంచివాళ్ల నోట్లో పడి లాక్మే అయింది. 1883లో పారిస్‌లో ఆడిన ఒపేరా, అంటే పాటలతో సాగే నాటకం పేరది. అందులో నాయిక ఓ పూజారి కూతురు. టాటావాళ్లు 1952లో సౌందర్య సాధనాల కంపెనీ పెట్టినప్పుడు ఆ పేరే తీసుకున్నారు. కంపెనీ తర్వాత హిందుస్థాన్ లీవర్ చేతికి వెళ్లింది. చూశారా, పేరు కూడా నాటకాల్లోంచి వచ్చిందే.

ప్రశ్న: డిజైన్ కోర్సు చివరి ఏడు చదువుతున్నాను అక్కా. ఫ్యాషన్ వీక్‌లో బ్యాక్‌స్టేజ్ పని చెయ్యాలని ఉంది. పరిచయాలు లేవు. ఎలా వెళ్లాలి? ఏం నేర్చుకోవాలి?
– ఓ విద్యార్థిని, విజయవాడ

జవాబు: ముంబైలో డిజైన్ కాలేజీల పిల్లల్ని డ్రెస్సర్లుగా తీసుకోవడం మామూలే. మీ ప్రిన్సిపాల్ చేత ఉత్తరం రాయించమ్మా. ఈమధ్య మార్చిలో ముంబైలో, అక్టోబరులో ఢిల్లీలో జరుగుతోంది, రెండు నెలల ముందే అడగాలి. డబ్బు పెద్దగా రాదు, తిండి వేళకి దొరకదు.

ఒక మోడల్‌కి ఒక హ్యాంగర్ల స్టాండు, దాని మీద ఆమె వెయ్యాల్సిన బట్టల ఫొటో, వరుస నంబరు. ఆమె లోపలికొచ్చి మళ్లీ వెళ్లేలోపు మీ చేతిలో ఉండేది నిమిషమో నిమిషంన్నరో. తల మీదుగా వేసే బట్టయితే ముందు మొహం మీద పల్చటి గుడ్డ కప్పాలి, లేకపోతే లిప్‌స్టిక్ అంటుకుంటుంది. చెప్పుల అడుగున మాస్కింగ్ టేపు అంటించాలి, ఎందుకంటే చాలావరకు అరువు చెప్పులే, గీతపడకుండా తిరిగివ్వాలి. నల్లబట్టలు వేసుకో, ఉంగరాలు తీసెయ్యి. నలుపు, తెలుపు, ఒంటిరంగు దారాలు ఎక్కించిన సూదులు మూడు, పిన్నీసులు, రెండువైపులా అంటుకునే టేపు, నడుముకి కట్టుకున్న చిన్న కత్తెర ఉంటే చాలు.

డిజైనరుగానే వెళ్లాలనుకుంటే ఆ ఫ్యాషన్ వీక్‌లోనే కొత్తవాళ్ల కోసం జెన్‌నెక్స్ట్ అనే షో ఉంది. రాహుల్ మిశ్రా 2006లో అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు. 2014లో ఉన్ని దుస్తుల డిజైన్‌కిచ్చే అంతర్జాతీయ వూల్‌మార్క్ బహుమతి కొట్టాడు, 2020లో పారిస్ కూచూర్ వీక్‌లో, అంటే చేత్తో కుట్టే ఖరీదైన దుస్తుల వేడుకలో, షో చేశాడు. అక్కడ అతను చూపించిందంతా మన చేతిపనే.

ప్రశ్న: మాది ఉప్పాడ. నాన్నా పిన్నీ ఒకే మగ్గం మీద జాందానీ నేస్తారు. ఓ డిజైనరు ఫ్యాషన్ వీక్ కోసం మా చీరలు అడుగుతున్నారు, హీరోయిన్ కడుతుందట. ఒప్పుకోమంటారా? దాని వల్ల మాకేమైనా ఒరుగుతుందా?
– ఓ నేతగాడి కూతురు, ఉప్పాడ

జవాబు: మీ ఉత్తరమే నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

ముందు మంచి చెప్తాను. హైదరాబాదు డిజైనరు గౌరంగ్ షా ఏళ్ల తరబడి జాందానీ చీరల్ని ముంబై ర్యాంప్ ఎక్కించాడు. ‘మహానటి’ దుస్తులకి 2019లో ప్రకటించిన జాతీయ అవార్డు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావుతో పాటు ఆయనకీ వచ్చింది. ర్యాంప్, సినిమా, మగ్గం మూడూ ఒకచోట కలిసి నేతకి మేలు జరగడం నా కళ్లతో చూశాను.

ఇక రెండోది. 2016 ఆగస్టులో కరీనా కపూర్ గర్భిణిగా డిజైనర్ సబ్యసాచి లెహంగాలో ముగింపు షోలో నడిచింది. దేశమంతా మాట్లాడుకుంది. మర్నాడు నాకు ఫోన్ చేసినవాళ్లంతా “కడుపు తెలుస్తోందా? ఎన్నో నెల?” అనే అడిగారు. లెహంగా మీద పని ఎవరిదని ఒక్కరూ అడగలేదు. రేపు మీ చీర కట్టిన హీరోయిన్ సంగతీ ఇంతే కావచ్చు. ఫొటో బయటికొచ్చిన కొన్నాళ్లకి అదే బుటా ప్రింటు వేసి, మరమగ్గం మీద దింపి, మీ ధరలో పదో వంతుకి బజార్లో పెడతారు. మీ ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు ఉంది, నిజమే. అది పేరుకి రక్షణ, బుటాకి కాదు.

మరి మీ దగ్గరున్న బలమేంటంటే చీర వెనకవైపు. బుటా బుటాకి విడిగా చిన్న కండెలతో చేత్తో పేక వేస్తారు కాబట్టి మీ చీర రెండువైపులా ఒకేలా ఉంటుంది. మరమగ్గం నకలు తిరగేస్తే కత్తిరించిన దారాల పోగులు కనిపిస్తాయి. ర్యాంప్ మీద కెమెరాకి వెనకవైపు పట్టదు. షోల పక్కనే అమ్మకాల స్టాళ్లుంటాయి, అక్కడికి వచ్చే కొనుగోలుదార్లకి పడుతుంది. ఓసారి ఒకావిడ పైట కొంగు తిరగేసి, కళ్లజోడు పైకి నెట్టి, వేలితో బుటా తడుముతూ నిలబడిపోయింది. ఎన్ని రోజులు పట్టింది, ఎంతమంది కూర్చుంటారు అని అడిగింది. స్టాల్లో ఉన్న కుర్రాడికి ఏమీ తెలియదు. ఆవిడ కాసేపు చూసి, చీర అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

కాబట్టి ఒప్పుకోండి, ఊరికే మాత్రం కాదు. సగం డబ్బు పడుగు ఎక్కించే ముందే తీసుకోండి. షో అయ్యాక చీర ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. ఆ బుటా ఇంకెవరికీ నేయించడానికి ఇవ్వకూడదని కూడా అందులోనే రాయించండి. చీరతో పాటు ముంబైకి మీ పిన్నిని కూడా పంపుతామని చెప్పండి. స్టాల్లో ఆవిడే కూర్చుంటుంది. రైలు టికెట్లు వాళ్లవే, రానూపోనూ.