టెక్ సందేహాలు: అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్నా బ్యాలెన్స్ ఎందుకు కట్ అవుతోంది?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే బాధ. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా ఊళ్లు మారాయి, ఫోన్లు మారాయి, ఫిర్యాదు మాత్రం మారలేదు: ‘అన్‌లిమిటెడ్ వేయించాను, అయినా డబ్బు పోయింది.’ అందుకని ప్రింటర్ గురించి, ల్యాప్‌టాప్ బ్యాటరీ గురించి అడిగినవారు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి. ముందు మీ ప్రశ్న, దాని కిందే నా జవాబు.

మాది కవిటి దగ్గర పల్లె. మా అబ్బాయి దుబాయ్‌లో పనిచేస్తున్నాడు. నా ఫోనులో 84 రోజుల అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉంది. అవసరానికి ఉంటుందని వంద రూపాయల టాపప్ కూడా వేయించాను. మొన్న తెల్లవారుజామున +216తో మొదలయ్యే నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. అబ్బాయే అనుకుని తిరిగి చేశాను. ఏదో సంగీతం వినిపించింది తప్ప మనిషి మాట్లాడలేదు. కాసేపు పట్టుకుని చూశాను. టాపప్ అంతా ఖాళీ. ఫోనులో అన్‌లిమిటెడ్ ఉంది కదా, ఇదేం న్యాయం?

ముందుగా మీ మనసు కుదుటపడే మాట. ఆ కాల్ మీ అబ్బాయిది కాదు. దుబాయ్ కోడ్ 971. మీకు వచ్చిన 216 ఆఫ్రికా ఖండంలోని ట్యునీషియాది. ఈ మోసానికి ‘వాన్‌గిరి’ అని పేరు. జపాన్ భాష మాట. ఒక్క రింగుకే కోసేయడం అని అర్థం. కంప్యూటర్ పెట్టి వేల నంబర్లకు ఒక్క రింగు ఇస్తారు. తిరిగి చేసేవాళ్ల కోసం కాచుకుని ఉంటారు. విదేశానికి కాల్ వెళ్లినప్పుడు మన కంపెనీ అక్కడి కంపెనీకి నిమిషానికి ఇంత అని చెల్లించాలి. ఆ డబ్బులో ఆ నంబరు నడిపేవాడికీ వాటా ఉంటుంది. అందుకే ఆ సంగీతం. మీరు ఎంతసేపు వింటే వాడికి అంత గిట్టుబాటు. 373తో మొదలయ్యే మాల్డోవా నంబర్లతోనూ ఇదే ఆట ఆడతారు.

ఇక అన్‌లిమిటెడ్ మాట. శ్రీకాకుళం బస్టాండు దగ్గర భోజన హోటల్లో ‘ఫుల్ మీల్స్’ బోర్డు చూసే ఉంటారు. అన్నం, పప్పు, సాంబారు ఎంత కావాలంటే అంత. చేపల పులుసు అడిగితే మాత్రం విడిగా బిల్లు. ఫోను ప్యాక్ కూడా అంతే. మన దేశంలోని మామూలు మొబైల్, ల్యాండ్‌లైన్ నంబర్లకు చేసే కాల్స్ అన్నం, పప్పు లాంటివి. విదేశీ నంబర్లు, విదేశాల్లో రోమింగ్, ప్రత్యేక ధర ఉన్న చిన్న నంబర్లు, రోజుకు నూరు దాటిన మెసేజ్‌లు చేపల పులుసు కిందికి వస్తాయి. వీటి డబ్బు ప్యాక్‌లోంచి పోదు, మెయిన్ బ్యాలెన్స్‌లోంచి పోతుంది. మెయిన్ బ్యాలెన్స్ సున్నా ఉంటే ఆ కాల్ అసలు వెళ్లేదే కాదు. మీరు జాగ్రత్త కోసం వేయించిన టాపప్పే వాడికి తలుపు తీసింది. చెప్పడానికి బాధగా ఉన్నా ఇదే నిజం.

ఆ వంద కూడా పూర్తిగా మీ ఖాతాలోకి వచ్చి ఉండదు. టాపప్ మీద జీఎస్టీ 18 శాతం, ఆపైన ప్రాసెసింగ్ రుసుము పోతాయి. పది రూపాయలు వేయిస్తే చాలా కంపెనీల్లో చేతికి వచ్చేది 7 రూపాయల 47 పైసలే.

ఉద్దానంలో గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో మనిషి ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇంకో మాట. దుబాయ్ ఉన్న యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్స్ అక్కడ ఆపేశారు. ‘నెట్ ఉంది, కాల్ మాత్రం కలవడం లేదు’ అని ఇక్కడి అమ్మలు మామూలు కాల్ చేసేస్తారు, ఐఎస్‌డీ (విదేశీ కాల్) ఛార్జీ పడుతుంది. అక్కడి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్ ఇద్దరి ఫోన్లలోనూ ఉంటే ఆ ఇబ్బంది లేదు. లేదా అబ్బాయినే చేయమనండి. వచ్చే కాల్‌కు మీకు పైసా పడదు. మీరు ఎప్పుడూ విదేశానికి కాల్ చేసే పని లేకపోతే కస్టమర్ కేర్‌కు చెప్పి ఐఎస్‌డీ ఆపించేయండి. అబ్బాయి కాల్స్ రావడానికి దానితో సంబంధం లేదు.

విజయనగరం నుంచి రాస్తున్నాను. సిరిమానోత్సవానికి రమ్మని మా బంధువులు అరవై మందికి తెలుగులో ఎస్సెమ్మెస్ పంపాను. ప్యాక్‌లో రోజుకు నూరు ఉచితం. అరవైకే ఎనభై రూపాయలు పోయాయి. కంపెనీ మోసం కాదా?

కాదు, ఇది మన లిపి మహత్యం. ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది.

ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పడతాయి. తెలుగైతే 70 మాత్రమే. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. కంప్యూటర్ దృష్టిలో గుణింతం విడిగా ఒకటి, పొల్లు విడిగా ఒకటి, సున్నా విడిగా ఒకటి. ‘సిరిమానోత్సవం’ మన కంటికి ఆరు అక్షరాలు, ఫోనుకు పదమూడు. ‘శ్రీకాకుళం’ మనకు నాలుగు, ఫోనుకు పది. ఒక్క ‘శ్రీ’కే నాలుగు చెల్లిపోతాయి. పేరు చివర గారు, పక్కన ఊరు, తేదీ, ‘సకుటుంబ సమేతంగా’ అని రాసేసరికి మీ ఆహ్వానం సులువుగా నూట యాభై చేరుతుంది. 70 దాటగానే ఫోను దాన్ని ముక్కలు చేస్తుంది. ముక్కలను మళ్లీ అతికించే గుర్తుల కోసం కొంత చోటు పోయి ఒక్కో ముక్కలో 67 మాత్రమే పడతాయి. అంటే మూడు ముక్కలు. అరవై మందికి మూడేసి చొప్పున 180. నూరు ఉచితం పోగా 80. నూరు దాటాక లోకల్‌కు రూపాయి, ఎస్టీడీకి రూపాయిన్నర అని చాలా ప్యాక్‌ల షరతుల్లో ఉంటుంది. మీ ఎనభై రూపాయల లెక్క అచ్చంగా సరిపోయింది.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాస్తే 160 దొరుకుతుంది గానీ మధ్యలో ఒక్క తెలుగు అక్షరమో, నమస్కారం బొమ్మో పడిందా, మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి పడిపోతుంది. కొన్ని ఫోన్లలో మెసేజ్ రాసేటప్పుడు మూలన చిన్న అంకె కనిపిస్తుంది. ఎన్ని ముక్కలయ్యాయో అదే చెబుతుంది.

ఈ ‘నూరు’ వెనక ఒక కథ ఉంది. స్పామ్ అరికట్టాలని 2012లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, రోజుకు నూరు దాటిన ప్రతి రాయితీ ఎస్సెమ్మెస్‌కు కనీసం 50 పైసలు వసూలు చేయాలని నిబంధన పెట్టింది. 2020లో ఎత్తేసింది. నిబంధన పోయింది, నూరు మాత్రం ప్యాకుల్లో అలాగే పాతుకుపోయింది. ఇక తెలుగులో రాసేవాడికి ఆ నూరు ముప్పై మూడే కావడం గురించి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

బొబ్బిలిలో సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొన్నాను. సిమ్ వేసి ఆన్ చేయగానే బ్యాలెన్స్ కట్ అయింది. నేను ఎవరికీ ఏమీ పంపలేదు.

మీరు పంపలేదు, ఫోను పంపింది. ఐఫోన్ల మధ్య మెసేజ్‌లు, వీడియో కాల్స్ నడిపే ఐమెసేజ్, ఫేస్‌టైమ్ మొదలవ్వాలంటే ఐఫోన్ మీకు కనబడకుండా ఒక ఎస్సెమ్మెస్ ఇంగ్లండ్ నంబరుకు పంపుతుంది. +44తో మొదలవుతుంది కాబట్టి అది అంతర్జాతీయ మెసేజ్, నూరు ఉచితాల్లోకి రాదు. సిమ్ మార్చినప్పుడు, ఫోనును చెరిపి కొత్తగా పెట్టినప్పుడు మళ్లీ పంపవచ్చు. ఆ రెండూ వాడకపోతే సెట్టింగ్స్‌లో ఆపేయండి.

యూపీఐ యాప్‌లదీ దాదాపు ఇదే పద్ధతి. కొత్త ఫోనులో యాప్ పెట్టగానే సిమ్ మీదేనని తేల్చుకోవడానికి మీ ఫోను నుంచే ఒక మెసేజ్ వెళ్తుంది. అది మన దేశంలోని నంబరుకే గానీ ప్యాక్‌లో ఎస్సెమ్మెస్ లేకపోతే మెయిన్ బ్యాలెన్స్‌లోంచి డబ్బు పోతుంది, అదీ లేకపోతే ‘వెరిఫికేషన్ విఫలం’ అని వస్తుంది. తక్కువ ధర రీచార్జితో సిమ్ బతికించుకుంటున్న పెద్దవాళ్ల ఫోనులో యూపీఐ పెట్టబోతే మొరాయించిందా, పిల్లలు ముందు చూడవలసింది ఇదే.

పలాసలో జీడిపప్పు వ్యాపారం. దుకాణం నంబరుకు వచ్చే కాల్స్ ఇంటి నంబరుకు ఫార్వర్డ్ పెట్టాను. పోస్ట్‌పెయిడ్ బిల్లు పెరిగింది. ఎందుకు?

ఫార్వర్డ్ అంటే ఒక కాల్ కాదు, రెండు. వ్యాపారి మీ దుకాణానికి చేసిన కాల్ అతని ఖాతాలో. దుకాణం నంబరు నుంచి మీ ఇంటికి వెళ్లే రెండో కాల్ మీ ఖాతాలో. ఈ రెండోదాన్ని కొన్ని ప్లాన్లు అన్‌లిమిటెడ్‌లో కలుపుతాయి, కొన్ని కలపవు. మీ బిల్లు వివరాల్లో దుకాణం నంబరు నుంచి మీ ఇంటి నంబరుకే పదే పదే కాల్స్ కనిపిస్తే కారణం అదే.

వ్యాపారస్తులు మరొకటి కూడా చూసుకోవాలి. చాలా అన్‌లిమిటెడ్ ప్లాన్ల షరతుల్లో ‘వ్యక్తిగత వాడకానికి మాత్రమే’ అన్న వాక్యం ఎక్కడో ఉంటుంది. రోజంతా వందలాది వేర్వేరు నంబర్లకు కాల్స్ వెళ్తుంటే కంపెనీ ఆ వాక్యాన్ని బయటకు తీస్తుంది. ఒకప్పుడైతే పరిమితి అంకెల్లోనే ఉండేది. బీఎస్ఎన్ఎల్ అన్‌లిమిటెడ్‌లో రోజుకు 250 నిమిషాలే ఇచ్చేది. 2021 జనవరి 10 నుంచి ఆ కట్టడి తీసేసింది.

మాట వచ్చింది కాబట్టి నా సంగతి. 2019 చివర్లో నేను అన్‌లిమిటెడ్ అని వేయించుకున్న ప్యాక్ నుంచి వేరే కంపెనీ నంబర్లకు చేస్తే నిమిషానికి 6 పైసలు పోవడం మొదలైంది. ఒక కంపెనీ కాల్‌ను మరో కంపెనీ అందుకున్నందుకు కట్టే ఐయూసీ రుసుము అది. అంతకుముందు దాకా కంపెనీలే భరించినది హఠాత్తుగా మా జేబుల మీదికి వచ్చింది. మా ఇంట్లో మూడు కంపెనీల సిమ్‌లు ఉండేవి. పక్క గదిలో ఉన్నవాళ్లకు ఫోను చేయాలంటే పైసలు లెక్కపెట్టుకున్నాం. 2021 జనవరి 1 నుంచి ఆ రుసుము సున్నా అయింది. అప్పటి నుంచే దేశంలోని కాల్స్‌కు అన్‌లిమిటెడ్ అన్న మాటకు కాస్త అర్థం వచ్చింది.

ఫార్వర్డ్ విషయంలో ఒక హెచ్చరిక. ‘కొరియర్ నుంచి మాట్లాడుతున్నాం, *401# తర్వాత ఈ నంబరు కొట్టండి’ అని ఎవరైనా చెబితే కొట్టవద్దు. మీకు రావలసిన కాల్స్, ఫోను ద్వారా వినిపించే ఓటీపీలతో సహా, వాళ్లకు వెళ్తాయి. ఈ మోసం పెరగడం వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి కోడ్ కొట్టి ఫార్వర్డ్ పెట్టే పద్ధతిని టెలికాం శాఖ ఆపించింది.

ఇచ్ఛాపురంలో ఉంటాం. ఫోనులో అప్పుడప్పుడు ఒడిశా టవర్ పడుతుంది. రోమింగ్ ఛార్జీ పడుతుందా?

ఇప్పటి అన్‌లిమిటెడ్ ప్యాకుల్లో పడదు. బరంపురం వెళ్లినా అంతే. ఓడ మీద, విమానంలో దొరికే నెట్‌వర్క్ మాత్రం వేరు. అవి ఉపగ్రహంతో నడిచే ప్రత్యేక నెట్‌వర్కులు, ఈ ప్యాక్‌ల్లోకి రావు. ఓడల్లో పనిచేసే మన కుర్రాళ్లు ఒడ్డు దాటగానే ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మంచిది.

టెక్కలి నుంచి. బ్యాంకుకు 1860 నంబరుకు చేశాను, డబ్బు పోయింది. దానికితోడు అడగని కాలర్ ట్యూన్ ఒకటి పెట్టి నెలనెలా లాగుతున్నారు. ఎవరికి చెప్పాలి?

1800 ఉచితం, 1860 కాదు. రెండూ చూడటానికి కవలల్లా ఉండటమే చిక్కు. బ్యాంకు పాస్‌బుక్కు వెనకాలో, వెబ్‌సైటులోనో 1800 నంబరు కూడా ఇస్తారు, అది వెతుక్కోండి.

కాలర్ ట్యూన్ లాంటి సేవలు పెట్టడానికి మీ అంగీకారం రెండుసార్లు తీసుకోవాలని ట్రాయ్ 2013లోనే ఆదేశించింది. తెర మీద అడ్డంగా వచ్చిన ప్రకటనను తీసేయబోయి ‘ఓకే’ నొక్కడం కూడా కంపెనీలకు అంగీకారమే. 155223కు ఫోను చేసి ఆపించండి, ఆ కాల్ ఉచితం. తర్వాత మీ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు నమోదైనట్టు గుర్తుగా వాళ్లు ఇచ్చే డాకెట్ నంబరు రాసుకోకుండా ఫోను పెట్టవద్దు. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో ఉండే అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కు నేరుగా ఉత్తరం రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. విడి వ్యక్తుల ఫిర్యాదులను ట్రాయ్ తేల్చదు.

అప్పీలుకు ముందు ఒక కాగితం సంపాదించండి. ప్రీపెయిడ్ వాళ్లకూ గత ఆరు నెలల్లో ఏ కాల్‌కు, ఏ మెసేజ్‌కు, ఏ సేవకు ఎంత పోయిందో వరుసగా రాసిన వివరాలు ఇవ్వాలని 2012 నిబంధనల్లో ఉంది. అందుకు 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. దుకాణంలో అడిగితే ‘ప్రీపెయిడ్‌కు బిల్లు ఉండదు సార్’ అంటారు. ఉంటుందని చెప్పి, దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వండి. కాలర్ ట్యూన్ డబ్బు ఏ రోజు మొదటిసారి పోయిందో అందులో తేదీతో సహా కనిపిస్తుంది. మీరు అంగీకరించిన రుజువు ఆ తేదీకి చూపించమని అడగండి.