చిన్న శిలాజాలకు ఇంట్లో చోటు

తిరుపతి,
కార్తీక పౌర్ణమి

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది,

నువ్వు పంపిన ఫొటోలు అందాయి. నలభై మూడు శిలాజపు ముక్కలు! చిత్తూరులో మీ హాల్లో ఉన్న అద్దాల అలమరలో పై రెండు అరలు మీ అమ్మ నీకోసం ఖాళీ చేసిందని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వాటిని ఎలా అమరిస్తే అందంగా ఉంటుందని అడిగావు. జవాబు చెబుతాను కాని, చివర చెబుతాను. అందంకన్నా ముందు చూసుకోవలసినవి ఉన్నాయి.

2021 నవంబరులో తిరుపతిని వాన ముంచెత్తిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మా ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. నా బీరువాలో కింది అర మునిగింది. నీళ్లు తీశాక చూస్తే రాళ్లు చాలావరకు బాగానే ఉన్నాయి. పోయినవి చీటీలు. జెల్ పెన్నుతో రాసినవన్నీ నీలి మరకలై అట్టపెట్టెల అడుగున అంటుకుపోయాయి. పెన్సిల్‌తో రాసిన నాలుగైదు మాత్రం తడి ఆరాక అక్షరం చెదరకుండా కనిపించాయి. తమిళనాడులోని అరియలూరు సున్నపురాతిలో దొరికిన గవ్వ ఏదో, స్నేహితుడు మరో ఊరి నుంచి తెచ్చిచ్చిన గవ్వ ఏదో తేల్చుకోలేకపోయాను. అలా ఇరవై మూడు ముక్కలకు ఊరూ పేరూ లేకుండా పోయాయి. ఇప్పటికీ వాటిని వేరే డబ్బాలో ఉంచాను. తీసి చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

అందుకే మొట్టమొదట ప్రతి ముక్కకూ ఒక సంఖ్య వెయ్యి. చీటీ మీద కాదు, రాయి మీదే. శిలాజం కనిపించని వైపు, వేలిగోరులో సగమంత చోట పారాలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి పలుచగా పూయాలి. అది ఆరాక నల్లని ఇండియన్ ఇంకుతో సంఖ్య రాసి, పైన మరో పూత వెయ్యాలి. రాయి నల్లనిదైతే ముందు చుక్కంత తెల్లని అక్రిలిక్ రంగు వెయ్యి. మ్యూజియంలు ఈ రెసిన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఏళ్లు గడిచినా పెద్దగా పసుపెక్కదు, ఎప్పుడు కావాలన్నా అసిటోన్‌తో తుడిచేయవచ్చు. గోళ్ల రంగు వాడమని ఎవరైనా చెబితే వినకు, అది పొలుసులుగా లేచిపోతుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దీపానికీ పొయ్యికీ దూరంగా, కిటికీలు తెరిచి పని చెయ్యి.

ఆ సంఖ్య ఎదురుగా నోటుపుస్తకంలో పేరు, దొరికిన చోటు, తేదీ, ఎవరిచ్చారు, కొన్నదైతే ఎంతకు అన్నీ రాయి. చోటు అంటే ఊరి పేరు ఒక్కటే రాసి వదిలేయకు. నీ దగ్గరున్న ఆకు అచ్చు శ్రీపెరుంబుదూరు పొరల్లోదని అన్నావు. మన సత్యవేడు వైపు నుంచి అక్కడిదాకా గోండ్వానా పొరలు, అంటే గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం నాటి రాతి పొరలు ఉన్నాయి. ఊరికి ఏ దిక్కున, ఎంత దూరంలో, బావి తవ్విన మట్టిలో దొరికిందా, రోడ్డు కోతలో దొరికిందా అన్నది రాస్తేనే ఆ ఆకు ఏ పొరకు చెందిందో రేపు ఎవరైనా చెప్పగలరు. ఆ పుస్తకాన్ని రాళ్లున్న గదిలో ఉంచకు.

ఇక చెమ్మ సంగతి. నీ ఫొటోల్లో పన్నెండోది, ఇత్తడిలా మెరిసే అమ్మోనైట్ (చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న పాతకాలపు సముద్రజీవి), ప్రదర్శనలో కొన్నానన్నావే, నాకు దాని గురించే బెంగగా ఉంది. అది పైరైట్, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఈ పైరైట్ గాలిలోని ప్రాణవాయువుతో కలిసి పాడవడం మొదలవుతుంది. గంధకామ్లం పుడుతుంది, ముక్క మీద తెల్లగా, పసుపుగా పొడి లేస్తుంది, పగుళ్లు వస్తాయి, గంధకం వాసన వేస్తుంది. చివరికి ముక్కంతా పొడి అవుతుంది. ఆ ఆమ్లం పక్కనున్న గవ్వనూ, కింది అట్టనూ కూడా తినేస్తుంది. మనకు ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు. ఆ రోజుల్లో బీరువాలో బట్టలే ముక్కిపోయిన వాసన వేస్తాయి, పైరైట్ మాట చెప్పాలా?

దాన్ని గాలి చొరబడని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఒంటరిగా ఉంచు. అడుగున సిలికా జెల్ పరిచి, దాని మీద చిల్లుల పలక వేసి, ముక్కను పలక మీద పెట్టు. నారింజ రంగు గింజలున్న జెల్ తీసుకో, తేమ పీల్చుకోగానే ఆకుపచ్చగా మారి నీకు చెబుతుంది. అప్పుడు ఓవెన్‌లో దాదాపు 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగుది వద్దు, అందులో ఒంటికి హాని చేసే కోబాల్ట్ ఉంటుంది, ఇంట్లో చెల్లెలు చిన్నది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని డబ్బాలో వెయ్యి, నలభై అయిదు శాతం దాటకుండా చూసుకో. పొడి కనిపిస్తే మెత్తని పొడి బ్రష్‌తో దులుపు, తర్వాత చేతులు కడుక్కో. నీళ్లతో మాత్రం ముక్కను కడగవద్దు.

గవ్వలకూ నత్తగుల్లలకూ శత్రువు వేరు. రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్య దొరికే నత్తగుల్లలు, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లవి, నీ దగ్గర అయిదున్నాయి. అవి సున్నపు పదార్థం. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) చెక్కల నుంచీ వాటి జిగురు నుంచీ ఆమ్ల ఆవిర్లు వస్తూనే ఉంటాయి. మూసి ఉన్న సొరుగులో అవి పోగై గవ్వ మీద తెల్లని బూజులాంటి ఉప్పు పట్టిస్తాయి. చూసినవాళ్లు బూజనుకొని తుడిచి మళ్లీ అదే చోట పెడతారు. అందుకని ప్రదర్శనకు పెట్టని వాటిని ఇనుప బీరువాలో ఉంచు. మీ అలమర వెనుక పలక ప్లైవుడ్ అయితే అరల మీద గాజు పలకలు వేయించు, గాలి ఆడేలా తలుపులు అప్పుడప్పుడు తెరువు. పైరైట్‌కు మూత కావాలి, గవ్వకు గాలి కావాలి. రెండింటినీ ఒకే చోట ఉంచకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

చిన్న ముక్కలకు పెట్టెల కింద అగ్గిపెట్టెలు, మిఠాయి డబ్బాలు వాడుతున్నావు. కొన్నాళ్లకు సరే. నిలవ ఉంచడానికి మూత ఉన్న పారదర్శకమైన పాలీప్రొపైలీన్ అనే ప్లాస్టిక్ డబ్బాలు మేలు. లోపల టీవీ పెట్టెల్లో వచ్చే తెల్లని, వంగే ఫోమును బ్లేడుతో కోసి, ముక్క సగం లోతు దిగేలా గుంట చెయ్యి. పసుపు స్పాంజి వద్దు, కొన్నేళ్లకు పొడిపొడిగా రాలి శిలాజానికి అంటుకుంటుంది. దూది ముళ్లకూ అంచులకూ చిక్కుకుంటుంది. రబ్బరు బ్యాండ్లు మన ఎండలకు కరిగి చీటీలకు అతుక్కుంటాయి. విరిగిన దాన్ని ఫెవికాల్‌తో అంటించవద్దు. అదే పారాలాయిడ్‌ను చిక్కగా కలిపి అతికిస్తే, పొరపాటు జరిగినా విడదీయవచ్చు. చెట్టు బంక గట్టిపడి శిలాజమైన నీ అంబరు ముక్క దగ్గరికి మాత్రం అసిటోన్ రానివ్వకు, దాని పైభాగం మెత్తబడి చెడుతుంది. దానికి ఎండా పడదు.

ఇప్పుడు అమరిక. అన్నీ ఒకేసారి బయట పెట్టకు. పన్నెండు చాలు. మిగిలినవి సొరుగులో ఉండి, మూడు నెలలకోసారి మారుతుంటే ఇంటికి వచ్చినవాళ్లు ప్రతిసారీ కొత్తగా చూస్తారు. పడమటి కిటికీ ఎదురుగా అలమర ఉంటే తెర వెయ్యి. తెల్లని గవ్వల వెనుక ముదురు బూడిదరంగు వస్త్రం, నల్లని సొరచేప పంటి వెనుక ఇసుక రంగు బాగుంటాయి. పంటిని తీగతో కట్టకు, చిన్న అక్రిలిక్ స్టాండు మీద నిలబెట్టు. మెత్తని నీలి బంక మట్టి వాడకు, దాని నూనె రాయిలోకి దిగి మరక పడుతుంది. దీపం ఎల్ఈడీ అయి ఉండాలి, అలమర బయట, ఒక పక్క నుంచి ఏటవాలుగా వెలుగు పడాలి. నిలువుగా వేస్తే ఆకు అచ్చు కనిపించదు. పక్క నుంచి వేసి చూడు, ఒక్కొక్క ఈనె నీడ పడి పైకి లేచినట్లు ఉంటుంది. నేను ఆ వెలుగులో ఆకు ముందు అరగంట కూర్చున్న రోజులున్నాయి. ముందర ఒక భూతద్దం పెట్టి, చీటీ మీద వయసు అంకెల్లో రాయి.

ఇంటికొచ్చినవాళ్లు తప్పక అడుగుతారు, మన ఏడుకొండల మీద దొరికిందేదైనా ఉందా అని. లేదని నిస్సంకోచంగా చెప్పు. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైటు (గట్టిపడిన ఇసుకరాయి) కూర్చున్న చోట, ఆ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల రాతి పొరల చరిత్ర లేకుండా పోయింది. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఆ రాళ్లు పేరుకున్న కాలానికి గవ్వ ఉన్న ప్రాణి ఇంకా పుట్టలేదు. కడప వైపు వేంపల్లె పొరల్లో మాత్రం సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. తమిళనాడులోని తిరువక్కరై శిలావృక్షాల పార్కు నుంచి గాని, ఇలాంటి స్మారకాల నుంచి గాని చిన్న రాయి కూడా తేవద్దు, ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇంకొకటి. నానమ్మ సాలగ్రామం కూడా గండకీ నదిలో దొరికే అమ్మోనైటే కదా, అలమరలో పెట్టవచ్చా అని అడిగావు. వద్దు నాయనా. దాని చోటు దేవుడి గది. కాని నానమ్మ దాన్ని ఎలా చూసుకునేదో గుర్తు తెచ్చుకో. అభిషేకం అయిన వెంటనే పొడిబట్టతో తుడిచి, మెత్తని గుడ్డలో చుట్టి, రాగి సంపుటంలో పెట్టేది. కర్పూరం మసి తగలకుండా పక్కకు జరిపేది. నీ సొరుగుకు అంతకన్నా మంచి పద్ధతి నేను చెప్పలేను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సంఖ్య వేయని ముక్కలన్నీ ఫోములో సర్దుకొని తీసుకురా. నా దగ్గర ఇంకూ, సన్నని కలమూ ఉన్నాయి. ఇద్దరం వరండాలో కూర్చుని రాద్దాం. పన్నెండో ముక్కను మాత్రం అప్పటిదాకా ఆపకు, ఈ ఉత్తరం చదివిన రోజే డబ్బాలో పెట్టు.

ఇట్లు,
పెదనాన్న