డెంగీ తగ్గాక జుట్టు రాలుతోంది, మాత్రలు వాడాలా?

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 29 ఏళ్లు. మూడు నెలల క్రితం డెంగీ వచ్చి తగ్గింది. ఇప్పుడు దువ్వెన నిండా వెంట్రుకలే. పేనుకొరుకుడులా ఒకచోట కాకుండా తలంతా పలచబడింది. బోరు నీళ్ల వల్లేనని మా అత్తమ్మ అంటున్నారు. మందుల షాపులో ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ అని చెప్పి యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఇచ్చారు. వాడమంటారా డాక్టరు గారూ?

జవాబు: అమ్మా, ముందుగా రాలిన వెంట్రుకనొకటి వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక కొసన ఆవగింజలో సగమైనా లేని తెల్లని గుబ్బ కనిపిస్తే, అది కుదురు నుంచి రాలినట్టు. బోరు నీటిలోని లవణాలు జుట్టును బిరుసెక్కించి నడుమ తుంచగలవు గానీ, ఇలా కుదుళ్ల నుంచి రాల్చవు.

వెంట్రుక 2 నుంచి 6 ఏళ్లు పెరిగి, సుమారు 3 నెలలు విశ్రమించి రాలుతుంది. రోజుకు 50 నుంచి 100 రాలడం సహజమే. తీవ్రమైన జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్ వంటివి ఎన్నో వెంట్రుకలను ఒకేసారి విశ్రాంతి దశలోకి నెడతాయి కనుక, ఫలితం 2, 3 నెలల తర్వాతే దువ్వెనలో కనిపిస్తుంది. అప్పటికి జ్వరం సంగతి మరచి షాంపూనో నీళ్లనో తిడుతుంటాం.

ఇక షాపులో విన్న ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ అనే మాటకు, మనసులోని టెన్షన్‌కు సంబంధం లేదు. కణాలు ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసుకునేటప్పుడు చురుకైన ఆక్సిజన్ అణువులు కొన్ని పుడతాయి; జ్వరంలో రోగనిరోధక కణాలు క్రిములపై ప్రయోగించడానికి వాటిని ఇంకా ఎక్కువగా వదులుతాయి. ఒంట్లోనే తయారయ్యే గ్లూటాథయోన్, కాటలేజ్ వంటి యాంటీఆక్సిడెంట్లు వాటిని ఎప్పటికప్పుడు అణచివేస్తాయి. పుట్టేవి పెరిగి అణచేవి చాలకపోతే కణపొరలు, డీఎన్ఏ దెబ్బతింటాయి. ఎడతెగక విభజన చెందే వెంట్రుక కుదుళ్లు దీనికి తట్టుకోలేవు. పొగతాగడం, తీవ్రమైన ఎండ కూడా ఈ భారాన్ని పెంచేవే. కాబట్టి షాపువారు చెప్పింది అబద్ధం కాదు. కానీ మీ విషయంలో మూలం జ్వరం, అది పోయింది.

ఈ మాత్రలతో జుట్టు త్వరగా వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా సెలీనియం, విటమిన్ ఎ మోతాదు మించితే వాటివల్లే జుట్టు రాలుతుంది. బయోటిన్ అనే బి విటమిన్ కలిసి ఉంటే థైరాయిడ్ పరీక్ష ఫలితం తారుమారు కావచ్చు. ఆ డబ్బుతో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూపేది) పరీక్షలు చేయించుకోండి. మన ఆడవాళ్లలో ఇనుము లోపం చాలా ఎక్కువ. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. రాగి సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి, ఆకుకూర పప్పు, కాలంలో దొరికే ఉసిరికాయ చాలు. ఇవి మాత్రల కంటే చవక, రుచి కూడా.

సాధారణంగా 6 నెలల్లోపు రాలడం తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోయినా, మాడున పాపిట వెడల్పవుతున్నా చర్మవైద్యులకు చూపించండి. ఈలోగా అద్దంలో నుదుటి అంచు గమనిస్తూ ఉండండి: నూనె రాసినా అణగని పొట్టి వెంట్రుకలు అక్కడ లేస్తే, కొత్త జుట్టు వస్తున్నట్టే.