గడప లెవెల్ కూడా రాయించు

చి. శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

ఊరి మధ్య రోడ్డు వెడల్పు చేసే పని నీకిచ్చారని అక్క చెప్పింది. డ్రాయింగు మొదలుపెట్టే ముందు ఆ ఊళ్లో జీపు దిగి నడువు. ఒకసారి బడి వేళకి, ఒకసారి సంత రోజున, వీలైతే వానలో.

నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, చేరిన కొత్తలో ఒక నేతగాళ్ల ఊళ్లో పాత తారు మీదే కొత్త పొర వేయించాను. రోడ్డు లెవెళ్లన్నీ, అంటే ఎత్తు కొలతలన్నీ, సరిగ్గానే ఉన్నాయి. ఇళ్ల గడపల లెవెల్ మాత్రం తీసుకోలేదు. తొలకరికే వీధి నీళ్లు ఒక ఇంట్లో గుంటమగ్గంలోకి దిగాయి. మగ్గం మీద సగం నేసిన చీర. గుంటలో చెంబుతో నీళ్లు తోడిపోస్తున్న ముసలాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత గడపల లెవెల్ రాయించకుండా ఏ ఎస్టిమేటూ వేయలేదు. ఎత్తు పెరిగేట్టుంటే పాత తారు గీకించి, తీసిన మందమే మళ్లీ వేయించు.

ఇక వేగం. ఊరి బయట గంటకు 80 కి.మీ. వేగం లెక్కన గీసిన రోడ్డుని అదే వెడల్పుతో ఊళ్లోకి లాక్కురాకు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణాల ప్రకారం ఆ వేగంలో బండి ఆగడానికి 120 మీటర్లు కావాలి. 40 కి.మీ. వేగంలో అయితే 45 మీటర్లు చాలు. బడి గేటు దగ్గర నిలబడి ఆ రెండు దూరాలూ టేపుతో కొలిచి చూడు. బోర్డు చూసి తగ్గే డ్రైవర్లు తక్కువ. దారి సన్నబడినట్టు కంటికి కనిపిస్తేనే కాలు బ్రేకు మీదకి వెళ్తుంది. అందుకే ఊరి మొదట్లోనే లేన్లు సన్నం చేసి, మిగిలిన జాగా ఫుట్‌పాత్‌కివ్వు. నడవడానికి అడ్డం లేకుండా 1.8 మీటర్లు ఉండాలి. మధ్యలో కరెంటు స్తంభం ఉంటే అది ఆక్రమించిన జాగాని ఆ 1.8లో కలపకు. కర్బు, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, ఎత్తు 15 సెంటీమీటర్లు మించితే ముసలివాళ్లు ఎక్కలేరు, రోడ్డు మీదే నడుస్తారు.

చెట్ల సంగతి మొదటి సర్వేలోనే తేల్చు. హైదరాబాద్ దగ్గర అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కి.మీ. నాలుగు లేన్ల పని, చేవెళ్ల మర్రిచెట్ల మీద హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి ఆగింది. ప్రతి చెట్టూ చైనేజీతో (రోడ్డు మొదలు నుంచి ఎంత దూరమో) సహా ప్లానులో గుర్తుపెట్టు. జాగా ఉన్నచోట చెట్టుని రోడ్డు మధ్య మీడియన్‌లో ఉంచి రెండు పక్కలా దారి తియ్యి.

డ్రాయింగుతో పాటు లెవెళ్లు రాసిన లెవెల్ బుక్కు కూడా పంపు. ముందు అదే చూస్తాను.

మామయ్య