టెక్ సందేహాలు: ‘డిఫరెంట్’ తర్వాత ‘దేన్’ రాస్తే తప్పా?

ప్రాజెక్ట్ రిపోర్టుల రోజులు కావడంతో ఈసారి వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ భాగం ఇంగ్లిష్ రాత, గ్రామర్ చెకర్ల గురించే. ఒక దానికొకటి సంబంధం ఉన్న నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: మాది వరంగల్, డిగ్రీ ఫైనలియర్. ప్రాజెక్ట్ రిపోర్టులో ‘అవర్ యాప్ ఈజ్ డిఫరెంట్ దేన్ ది ఓల్డ్ వన్’ అని రాశాను. వర్డ్ ఏ గీతా పెట్టలేదు. మా గైడ్ మాత్రం ‘దేన్’ కొట్టేసి ‘ఫ్రమ్’ అని దిద్దారు. ఎవరి మాట వినాలి?

రిపోర్టుకు మార్కులు వేసేది మీ గైడ్ కాబట్టి ‘ఫ్రమ్’ ఉంచేయండి. అలాగని వర్డ్ పొరబడిందని కూడా అనలేం. ‘డిఫరెంట్ దేన్’ అమెరికాలో మామూలుగా వాడతారు. బ్రిటన్‌లో ‘డిఫరెంట్ ఫ్రమ్’, దాంతోపాటు ‘డిఫరెంట్ టు’ వినిపిస్తాయి. ‘ఫ్రమ్’ రాస్తే రెండుచోట్లా ఎవరూ వేలెత్తి చూపరు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, ‘దేన్’ సాధారణంగా బెటర్, టాలర్, మోర్ యూస్‌ఫుల్ లాంటి రూపాల తర్వాత వస్తుంది. ‘డిఫరెంట్’ అలాంటి రూపం కాదు, కానీ దాని అర్థంలో పోలిక దాగి ఉంది. అందుకే ‘దేన్’ దాని వెనక చేరిపోయింది. పైగా వెనక ఒక పూర్తి వాక్యం రావాల్సినప్పుడు ‘దేన్’ సుఖంగా ఉంటుంది. ‘డిఫరెంట్ దేన్ ఐ ఎక్స్‌పెక్టెడ్’ అంటే సరిపోతుంది. అదే ‘ఫ్రమ్’ వాడాలంటే మధ్యలో ‘వాట్’ తెచ్చి ‘డిఫరెంట్ ఫ్రమ్ వాట్ ఐ ఎక్స్‌పెక్టెడ్’ అనాలి.

నా మాటే నమ్మనక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ అని 2010 నుంచి ఉచితంగా ఉంది. స్కాన్ చేసిన పుస్తకాల్లో ఏ మాట ఏ కాలంలో ఎంత వాడారో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. డిఫరెంట్ ఫ్రమ్, డిఫరెంట్ టు, డిఫరెంట్ దేన్ అని మధ్యలో కామాలు పెట్టి ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. పక్కనున్న మెనూలో ఒకసారి బ్రిటిష్ ఇంగ్లిష్, ఒకసారి అమెరికన్ ఇంగ్లిష్ ఎంచుకోండి. రెండింటిలోనూ ‘ఫ్రమ్’ గీతే పైన ఉంటుంది. అమెరికన్ గ్రాఫ్‌లో ‘దేన్’ గీత ఎంత పైకి లేచిందో కూడా కనిపిస్తుంది. ఇంకో సదుపాయం ఉంది. ‘కేపబుల్’ అని రాసి, ఖాళీ వదిలి, స్టార్ గుర్తు పెడితే ఆ మాట వెనక ఎక్కువగా వచ్చే పది మాటలు చూపిస్తుంది. ‘కేపబుల్ టు డూ’ కాదు, ‘కేపబుల్ ఆఫ్ డూయింగ్’ అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇంటర్ పిల్లలకు ఈ ఒక్క కిటుకు నేర్పినా చాలా లాభం. అయితే ఇది పుస్తకాల లెక్క. మనుషులు ఫోన్లో మాట్లాడుకునే ఇంగ్లిష్ ఇందులో దొరకదు.

ఇక వర్డ్‌లో ఒక పని చేయండి. కంట్రోల్, ఏ నొక్కి మొత్తం సెలెక్ట్ చేసి, రివ్యూ ట్యాబ్‌లో లాంగ్వేజ్, అందులో సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్ తెరవండి. ఇంగ్లిష్ ఇండియా గానీ, యునైటెడ్ కింగ్‌డమ్ గానీ పెట్టండి. కిందనే ‘డూ నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్’ అని ఉంటుంది, దానికి టిక్ ఉంటే తీసేయండి. వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసి పేస్ట్ చేసిన భాగాలు వాటి పాత లాంగ్వేజ్ సెట్టింగ్‌ను వెంట తెచ్చుకుంటాయి. ఒకే ఫైల్‌లో ఒక పేరా నిండా గీతలు, పక్క పేరాలో ఒక్కటీ లేకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

ప్రశ్న: కర్నూలు నుంచి, ఆఫీసులో క్లర్కుని. ఎంత జాగ్రత్తపడ్డా నోట్ ఫైల్‌లో ‘సీనియర్ దేన్’ అని పడిపోతోంది. దాన్ని ‘సీనియర్ టు’గా వర్డే మార్చేసేలా పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. రీప్లేస్ అన్నచోట తప్పు, విత్ అన్నచోట ఒప్పు రాసి యాడ్ నొక్కితే చాలు. రెండు మూడు పదాల మాటలు కూడా తీసుకుంటుంది. సుపీరియర్, ఇన్‌ఫీరియర్, జూనియర్ కూడా ఇదే కోవలోవి. ఇవి లాటిన్ నుంచి పోలిక రూపంలోనే వచ్చాయి కాబట్టి వెనక ‘దేన్’ కాకుండా ‘టు’ తీసుకుంటాయి.

సుపీరియర్, ఇన్‌ఫీరియర్ వరకు నిశ్చింతగా పెట్టుకోండి. ‘సీనియర్’ విషయంలో మాత్రం నేను వద్దనే అంటాను. ‘మోర్ సీనియర్ దేన్’ అనేది చక్కటి ఇంగ్లిషే. ‘షి ఈజ్ మోర్ సీనియర్ దేన్ ది అదర్ ఆఫీసర్స్’ అని రాయాల్సి వస్తే ఆటోకరెక్ట్ చడీచప్పుడు లేకుండా దాన్ని చెడగొడుతుంది. సర్వీస్ సీనియారిటీ తేల్చే నోట్‌లో మీకు తెలియకుండా ఒక్క మాట మారినా ఇబ్బందే. దానికంటే ఫైల్ పూర్తయ్యాక కంట్రోల్, ఎఫ్ నొక్కి ‘సీనియర్’ వెతికి, ప్రతిచోటా వెనకున్న మాట చూసుకోవడం మేలు. అర నిమిషం పని.

ప్రశ్న: ఫోన్లో మెయిల్ రాసేటప్పుడు ‘మోర్ బెటర్’ అని కొట్టేస్తుంటాను. కీబోర్డే చెప్పే మార్గం ఉందా?

జీబోర్డ్‌లో (గూగుల్ కీబోర్డ్ యాప్) కామా కీని నొక్కిపట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. టెక్స్ట్ కరెక్షన్‌లో గ్రామర్ చెక్ కనిపిస్తే ఆన్ చేయండి. లేకపోతే యాప్ అప్‌డేట్ చేసి చూడండి. కంప్యూటర్‌లో వర్డ్ అయితే ప్రూఫింగ్‌లోని గ్రామర్ సెట్టింగ్స్‌లో ‘కంపేరెటివ్ యూజ్’ అని ఉంటుంది, దానికి టిక్ ఉండాలి.

ప్రశ్న: తెనాలిలో ఇంగ్లిష్ టీచర్‌ని. పిల్లలు వ్యాసాలను ఏఐ చాట్‌బాట్‌తో దిద్దించుకుని తెస్తున్నారు. తప్పులు ఉండటం లేదు, కానీ అడిగితే చెప్పలేకపోతున్నారు. దీన్ని ఎలా వాడమని చెప్పాలి సార్?

మేడమ్, మీ బాధలో న్యాయం ఉంది. ‘కరెక్ట్ దిస్’ అనగానే చాట్‌బాట్ వాక్యాన్ని తిరగరాసి చేతిలో పెడుతుంది. పిల్లవాడికి తన తప్పు కనిపించదు. తప్పు కనపడకపోతే మళ్లీ అదే రాస్తాడు.

మన పిల్లలు ఎక్కడ జారతారో చూడండి. తెలుగులో ‘రవి కంటే పొడుగు’ అంటాం. ‘కంటే’ ఒక్కటే పని అంతా చేస్తుంది, ‘పొడుగు’ మారదు. ఆ అలవాటుతోనే ‘టాల్ దేన్ రవి’ అని రాస్తారు. ఇది ఏ చెకరైనా పట్టేసే తప్పు. చెకర్ కళ్లు గప్పి పోయేవి వేరే ఉన్నాయి. ‘ది క్లైమేట్ ఆఫ్ బెంగళూరు ఈజ్ కూలర్ దేన్ హైదరాబాద్’ తీసుకోండి. కూలర్ ఉంది, దేన్ ఉంది, అచ్చు కుదిరింది. కానీ ఇక్కడ పోల్చింది ఒక వాతావరణాన్ని, ఒక ఊరితో. ‘దేన్ దట్ ఆఫ్ హైదరాబాద్’ అనాలి. ‘షి లైక్స్ ది డాగ్ మోర్ దేన్ హర్ హజ్బెండ్’ అంటే భర్తకన్నా కుక్కంటేనే ఇష్టమా, లేక కుక్క మీద భర్తకున్న ఇష్టం కన్నా ఆమెకున్నది ఎక్కువా? వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. ఏది చెప్పదలచుకుందో రాసిన అమ్మాయికే తెలుసు. ‘డజ్’ చేర్చి ‘దేన్ హర్ హజ్బెండ్ డజ్’ అంటే రెండో అర్థం ఖాయమవుతుంది.

ఇంకో జత కూడా క్లాసులో బోర్డు మీద రాయండి. ‘ది ఫోన్ ఈజ్ ఈజీ టు రిపేర్.’ ‘ది మెకానిక్ ఈజ్ ఈగర్ టు రిపేర్ ఇట్.’ విశేషణం, వెనక ‘టు’, క్రియ, రెండూ ఒకేలా ఉన్నాయి. మొదటి దాంట్లో రిపేర్ చేయించుకునేది ఫోన్, రెండోదాంట్లో రిపేర్ చేసేది మెకానిక్. పిల్లలను ముందు తెలుగులో చెప్పమనండి. తేడా వాళ్ల నోటే వస్తుంది.

చాట్‌బాట్‌కు ఇవ్వాల్సిన మాట ఇలా ఉంటే బాగుంటుంది: ‘నా పేరాను తిరగరాయకు. ప్రతి విశేషణం వెనక ఏ పోలిక, ఏ ఉపవాక్యం ఉందో చూపించు. రెండు అర్థాలు వచ్చే వాక్యం ఉంటే నన్ను ప్రశ్న అడుగు. సమాధానం చెప్పకు.’ దీన్ని తెలుగులో టైప్ చేసినా అర్థం చేసుకుంటుంది. అది చెప్పింది నిజమో కాదో ఆక్స్‌ఫర్డ్ లేదా కేంబ్రిడ్జ్ లెర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైట్‌లో సరిచూడమనండి. ‘అవేర్’ వెతికితే వెనక ‘ఆఫ్’ వస్తుందని, ‘దట్’తో వాక్యం వస్తుందని ఉదాహరణలతో ఉంటుంది. ‘అవేర్ అబౌట్’ అని రాసే అలవాటు అక్కడే పోతుంది.

పేస్ట్ చేసే ముందు పిల్లల పేర్లు, స్కూలు పేరు, మార్కులు తీసేయమని తప్పకుండా చెప్పండి. అక్కడ అతికించిన ప్రతిదీ కంపెనీ సర్వర్‌కు వెళుతుంది.