తుఫాను సముద్రంలో పడవ వేయడానికి ఏ బ్రష్ ప్యాక్ కొనాలి?

పడవ వేశాను, నీళ్ల మీద అతికించినట్టుంది, ఏ బ్రష్ ప్యాక్ కొనమంటారు అని అడిగారు. ఏదీ కొనకండి. కంప్యూటర్‌లో బొమ్మలు వేసే క్రీటా సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ఉన్న మామూలు గుండ్రటి బ్రష్ చాలు. చిక్కంతా పడవని పూర్తిగా చూపించాలనే ఆశలో ఉంది.

మాది భీమిలి దగ్గర. ఒకసారి వాయుగుండం పట్టినప్పుడు ఫైబర్ బోటు ఒకటి ఒడ్డుకి రావడం చూశాను. కెరటం లేచిన ప్రతిసారీ బోటు కనబడకుండా పోయేది. కాసేపు రెండు తలలు, ఒక పసుపు రెయిన్‌కోటు, అంతే. వెనక భాగం పైకి లేస్తే ఇంజన్ ఫ్యాన్ గాల్లో తిరిగి మోత ఒక్కసారిగా హెచ్చేది, నీళ్లలో పడగానే మళ్లీ అణిగేది. ఒడ్డున ఉన్న ఆడవాళ్లు ఆ మోతని బట్టే బోటు ఎక్కడుందో చెప్పేస్తున్నారు. అంతసేపట్లో బోటు ఒక్క క్షణం కూడా సమంగా నిలబడలేదు.

అందుకే ముందు బూడిద రంగుల్లో కెరటాల వాలు గీయండి, పడవని ఆ వాలుకే వంచండి. తర్వాత పడవ పైన ఇంకో లేయర్ (బొమ్మ మీద పరిచే పారదర్శకమైన పొర) తెరిచి, ముందున్న కెరటంతో దాని అడుగు భాగాన్ని కప్పేయండి. అతికించినట్టు ఉండటం అక్కడితో పోతుంది. మధ్యమధ్యలో కీబోర్డు మీద M నొక్కి బొమ్మని అద్దంలోలా తిప్పి చూస్తే వాలు ఎక్కడ తప్పిందో దొరికిపోతుంది.

అందరూ ముదురు నీలం ఎందుకు పోస్తారో నాకర్థం కాదు. తుఫానులో మన ఒడ్డు దగ్గర నీళ్లు ఇసుక కలిసి మట్టిరంగులో ఉంటాయి. కెరటం కొన పల్చబడిన చోట వెలుతురు దూరి కాస్త ఆకుపచ్చ కనిపిస్తుంది. మెరుపులు కూడా వద్దు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1633లో వేసిన గలిలీ సముద్రపు తుఫాను బొమ్మలో ఒక్క మెరుపూ లేదు. ఎడమవైపు మబ్బు చీలి, పైకి లేచిన పడవ ముందు భాగం మీద వెలుగు పడుతుంది, వెనక భాగం చీకట్లో ఉంటుంది. 1990లో బోస్టన్‌లోని గార్డ్‌నర్ మ్యూజియం నుంచి ఆ బొమ్మని ఎత్తుకెళ్లారు, ఇప్పటికీ దొరకలేదు. ఫోటోలు ఉన్నాయి కాబట్టి ఒకటి తీసుకుని బూడిద రంగులోకి మార్చి చూడండి.

ఇంకో మాట. తెలుగువాళ్లు కూడా తుఫాను అనగానే మూడు తెరచాపల యూరప్ ఓడ వేస్తున్నారు. విశాఖ హార్బర్‌కి వెళ్లండి, కాకినాడ వెళ్లండి. పక్కన పేరు రాసుకుని, రంగులు వెలిసి, వలలు కుప్పగా వేసుకున్న బోట్లు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి వేయండి.